విడిపోయి మళ్లీ కలిసిన డిస్కో, ఫంక్ బృందాల లైవ్ ఆల్బములు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

విడిపోయిన బృందం పదేళ్ల తర్వాత మళ్లీ వేదిక ఎక్కి, ఆ కచేరీని రికార్డు చేసి అమ్మకానికి పెట్టిందంటే కొనేవాడికి కాస్త అనుమానం రావాల్సిందే. పాత పాటలకు ఇంకా గిరాకీ ఉంది, హాలు నిండుతుంది, ఎవరికో డబ్బు అవసరం పడింది. చాలా కలయికల వెనక ఇంతకు మించిన కారణం ఉండదు. డిస్కో, ఫంక్ (బేస్, డ్రమ్స్ తాళమే ప్రధానంగా సాగే నల్లజాతి అమెరికన్ నాట్య సంగీతం) బృందాలకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ పాటలు స్టూడియోలో పుట్టినవి. వయొలిన్లు, బాకాలు, ఒకరి మీద ఒకరుగా పేర్చిన గొంతులు, వారాల తరబడి చెక్కిన మిక్సింగు. వేదిక మీదికి వచ్చేసరికి అందులో సగం రాలిపోతుంది. రాలిపోయిన తర్వాత కూడా నిలబడే పాట ఏదో, దాన్ని నిలబెట్టే వాద్యకారులు ఎవరో తెలుసుకుని కొంటే నష్టం లేదు.

ఈ వ్యాసంలో ప్రధానంగా మూడింటిని పోలుస్తున్నాను: చిక్ బృందం టోక్యోలో చేసిన 'లైవ్ ఎట్ ద బుడోకాన్', రూఫస్ బృందం గాయని చాకా ఖాన్‌తో కలిసి న్యూయార్క్‌లో చేసిన 'స్టాంపిన్ ఎట్ ద సవాయ్', ఎర్త్ విండ్ అండ్ ఫైర్ వారి జపాన్ కచేరీ 'లైవ్ ఇన్ వెల్ఫార్'. మధ్యలో మరికొన్ని వచ్చి పోతాయి. తీర్పు కోసం చివరిదాకా ఆగక్కర్లేదు. ఈ సంగీతం పెద్దగా తెలియకుండా ఒకే ఒక్క ఆల్బమ్ కొనేవారికి రూఫస్. చిక్ స్టూడియో పాటలు ఇప్పటికే ఇష్టపడినవారికి బుడోకాన్. ఎర్త్ విండ్ అండ్ ఫైర్ కావాలంటే వెల్ఫార్ వదిలేసి అదే బృందానిది వేరేది తీసుకోండి. కారణాలు కింద ఉన్నాయి.

అట్ట వెనక ఏం చదవాలి

లైవ్ ఆల్బమ్ కొనేటప్పుడు అందరూ ముందు పాటల జాబితా చూస్తారు. తెలిసిన పాటలు ఐదారు కనిపిస్తే కొనేస్తారు. రాక్ బృందాలకు ఆ లెక్క కొంతవరకు సరిపోతుంది గానీ డిస్కోకు, ఫంక్‌కు సరిపోదు. ఈ పాటల్లో సాహిత్యం తక్కువ, రాగం కూడా చాలాసార్లు రెండు మూడు పదబంధాలే. పాట ప్రాణమంతా బేస్ గిటారుకీ డ్రమ్స్‌కీ మధ్య నడిచే ఒప్పందంలో ఉంటుంది. గాయకులు మారినా పాట బతుకుతుంది. బేస్ వాయించే చెయ్యి మారితే అదే పేరుతో వేరే పాట అవుతుంది. అందుకే అట్ట తిప్పి చదవాల్సినవి రెండు పేర్లు: బేస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు. ఆ తర్వాత తేదీ, హాలు.

ఇది వినడానికి మనకు శిక్షణ లేదనుకోవద్దు. ఎనభైల నాటి ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు గాయకుడి వెనక తనదైన రాగం అల్లుకుంటూ పోవడం మన చెవులకు బాగా అలవాటు. ఆ చెవితోనే ఈ ఆల్బములు వినాలి. అయితే తెలుగువారిలో చాలామందికి డిస్కో అనగానే బప్పీ లహిరి బాణీల సింథసైజర్లు, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ గుర్తొస్తాయి. ఇక్కడ మాట్లాడుతున్న బృందాల పద్ధతి అది కాదు. ఇక్కడ దాదాపు అంతా మనుషులు చేతులతో వాయించినదే. యంత్రంలా ఖచ్చితంగా వాయిస్తూనే యంత్రం కాకపోవడం ఈ వాద్యకారుల గొప్ప.

చిక్: టోక్యో, 1996

న్యూయార్క్‌లో గిటారిస్టు నైల్ రోడ్జర్స్, బేస్ వాద్యకారుడు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కలిసి 1976లో మొదలుపెట్టిన బృందం చిక్. డ్రమ్స్ మీద టోనీ థాంప్సన్. 1978లో వచ్చిన 'లె ఫ్రీక్', 1979లో వచ్చిన 'గుడ్ టైమ్స్' రెండూ అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లాయి. అదే జంట సిస్టర్ స్లెడ్జ్ అనే అక్కచెల్లెళ్ల బృందానికి 'వి ఆర్ ఫ్యామిలీ', గాయని డయానా రాస్‌కు 'అప్‌సైడ్ డౌన్' రాసి ఇచ్చింది.

తర్వాత గాలి తిరిగింది. 1979 జులై 12న షికాగోలోని కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్ప పోసి పేల్చేశారు. దాన్ని కేవలం సంగీతం మీద విసుగు అనుకోవడం అమాయకత్వం. ఆ రికార్డులు ఎక్కువగా నల్లజాతివారివి, లాటినోలవి, వాటికి నాట్యం చేసినవారిలో స్వలింగ సంపర్కులు చాలామంది. ఆ వేసవి తర్వాత చిక్ పేరుతో అమెరికాలో పెద్ద విజయం మళ్లీ రాలేదు. 1983కల్లా బృందం విడిపోయింది. విచిత్రం ఏమిటంటే విడిపోయాకే వాళ్ల చెయ్యి అందరి పాటల్లోనూ వినిపించింది. రోడ్జర్స్ డేవిడ్ బోవీకి 'లెట్స్ డాన్స్', మడోనాకు 'లైక్ ఎ వర్జిన్' నిర్మించాడు. ఎడ్వర్డ్స్ రాబర్ట్ పామర్‌కు 'రిప్‌టైడ్' చేసిపెట్టాడు. డిస్కో చచ్చిపోయిందని సంబరపడినవాళ్లు ఆ తర్వాతి దశాబ్దమంతా డిస్కో వాద్యకారుల పాటలే విన్నారు, తెలియకుండా.

1992లో ఇద్దరూ మళ్లీ చిక్ పేరుతో ఒక ఆల్బమ్ చేశారు. అది పెద్దగా నడవలేదు. నాలుగేళ్ల తర్వాత జపాన్‌లో రోడ్జర్స్‌ను సత్కరిస్తూ ప్రత్యేక కచేరీలు ఏర్పాటయ్యాయి. వాటికి ఎడ్వర్డ్స్‌ను వెంట తీసుకెళ్లాడు. 1996 ఏప్రిల్ 17న టోక్యో బుడోకాన్‌లో జరిగిన కచేరీయే ఈ ఆల్బమ్. ఎడ్వర్డ్స్‌కు అప్పటికే ఒంట్లో బాగా లేదు. కచేరీ మధ్యలో కొద్ది క్షణాలు బేస్ ఆగిపోయిందని, ఎడ్వర్డ్స్ కావాలనే అక్కడ ఖాళీ వదిలాడనుకుని లోలోపల మెచ్చుకున్నానని, అతను స్పృహ తప్పాడని తర్వాతే తెలిసిందని రోడ్జర్స్ చెప్పాడు. మర్నాడు, ఏప్రిల్ 18న, ఎడ్వర్డ్స్ హోటల్ గదిలో నిమోనియాతో చనిపోయాడు. వయసు 43. ఆల్బమ్ 1999లో విడుదలైంది.

ఈ కథ తెలిసిన తర్వాత ఆల్బమ్ వినడం కష్టం. ప్రతి స్వరంలోనూ వీడ్కోలు వెతుక్కుంటాం. నా సలహా ఏమిటంటే ఆ కారణంతో దీన్ని కొనవద్దు. సానుభూతితో కొన్న ఆల్బమ్ రెండోసారి వినడం అరుదు. ఒంట్లో అంత జబ్బు పెట్టుకుని కూడా ఆ బేస్ ఎక్కడా జాలి అడగదు. బిగువుగా, ఉల్లాసంగా, తనకు మామూలైన అతిశయంతో నడుస్తుంది. కొనాల్సింది దాని కోసం.

లెక్క సరిచూద్దాం. కలిసిన బృందం అంటున్నాం గానీ బుడోకాన్‌లో అసలు చిక్ సభ్యులు ఇద్దరే: రోడ్జర్స్, ఎడ్వర్డ్స్. డెబ్బైల రికార్డుల్లో వినిపించే గాయనులు ఆల్ఫా ఆండర్సన్, లూసీ మార్టిన్ ఇక్కడ లేరు. టోనీ థాంప్సన్ లేడు. డ్రమ్స్ మీద ఒమర్ హకీమ్ ఉన్నాడు. హకీమ్ వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందం నుంచి వచ్చినవాడు. రోడ్జర్స్‌కు కొత్తవాడేమీ కాదు, 'లెట్స్ డాన్స్' ఆల్బమ్‌లో థాంప్సన్‌తో పాటు అతనూ వాయించాడు.

డ్రమ్మర్ మారడం వల్ల వచ్చిన తేడా వినగానే తెలుస్తుంది. థాంప్సన్ బలంగా, సూటిగా కొట్టేవాడు. ప్రతి దెబ్బ గోడకు మేకు దిగినట్టు ఉంటుంది. హకీమ్ వాద్యం తేలిక, చురుకు ఎక్కువ, మధ్య మధ్య చిన్న చిన్న అలంకారాలు పడుతుంటాయి. దాంతో పాటలకు కాస్త జాజ్ గాలి సోకి, స్టూడియో రికార్డుల్లోని నిబ్బరం కొంత తగ్గింది. నాకు థాంప్సన్ మీదే మొగ్గు. అయినా హకీమ్ ఇచ్చిన కదలిక వల్ల ఎడ్వర్డ్స్‌కు ఎక్కువ చోటు దొరికిందన్న మాట ఒప్పుకోవాలి.

రోడ్జర్స్ గిటారు గురించి ఒక మాట. కుడి చెయ్యి ఆగకుండా పదహారో మాత్రల్లో (ఒక్కో తాళం దెబ్బను నాలుగు ముక్కలు చేసి) పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ఎడమ చెయ్యి తంతులను నొక్కుతూ వదులుతూ, ఏ దెబ్బ మోగాలో ఏది పొడిగా చప్పుడై పోవాలో తేలుస్తుంది. స్టూడియో రికార్డులో ఇది వయొలిన్ల వెనక దాగి ఉంటుంది. వేదిక మీద వయొలిన్ల మందం లేదు కాబట్టి గిటారు మొత్తం బయటపడింది. గిటారు నేర్చుకునేవారికి ఈ ఒక్క కారణంతోనే బుడోకాన్ పనికొస్తుంది. 'ఐ వాంట్ యువర్ లవ్' దగ్గర మొదలుపెట్టండి.

ఇక అతిథులు. ఆ కార్యక్రమం రోడ్జర్స్ నిర్మాతగా చేసిన పనికి సత్కారం కాబట్టి సిస్టర్ స్లెడ్జ్, బ్రిటిష్ గాయకుడు స్టీవ్ విన్‌వుడ్, డ్యురాన్ డ్యురాన్ గాయకుడు సైమన్ లె బాన్, గన్స్ అండ్ రోజెస్ గిటారిస్టు స్లాష్ వచ్చారు. సిస్టర్ స్లెడ్జ్ రాక న్యాయం, ఆ పాటలు రాసింది ఈ ఇద్దరే. మిగతావారి సంగతి వేరు. జిమీ హెండ్రిక్స్ పాట 'స్టోన్ ఫ్రీ'ని విన్‌వుడ్, స్లాష్ అందుకోవడం ఆ రాత్రి హాల్లో ఉన్నవారికి పండుగే అయ్యుంటుంది. ఇంట్లో వినేవారికి అది దారి తప్పడం. స్లాష్ గొప్ప గిటారిస్టే, కానీ స్వరాలు సాగదీసి ఏడిపించే అతని శైలికీ స్వరాలు కత్తిరించి వదిలే రోడ్జర్స్ శైలికీ పొత్తు కుదరదు. నేనైతే ఆ పాట దాటేస్తాను.

'గుడ్ టైమ్స్' మాత్రం దాటకూడదు. ఒకే స్వరం మూడు దెబ్బలు, చిన్న విరామం, ఆ తర్వాత పైకి ఎగబాకే స్వరాల వరుస. 1979లోనే షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ర్యాప్ బృందం ఆ బేస్ మీద 'రాపర్స్ డిలైట్' కట్టింది. మరుసటి ఏడు క్వీన్ బృందం బేస్ వాద్యకారుడు జాన్ డీకన్ దాని నీడలో 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' చేశాడు. ఇంతమంది వాడుకున్న వరుసను దాని యజమాని 17 ఏళ్ల తర్వాత స్వయంగా వాయిస్తుంటే వినడం వేరు. మూడు దెబ్బల తర్వాతి విరామంలో ఎడ్వర్డ్స్ ఎంతసేపు ఆగుతాడో గమనించండి. అనుకరించినవాళ్లంతా తొందరపడేది అక్కడే.

వేదిక పేరు చూసి మోసపోవద్దు కూడా. బుడోకాన్ 1964 ఒలింపిక్స్ జూడో పోటీల కోసం కట్టిన భవనం. 1966లో బీటిల్స్ అక్కడ పాడాక విదేశీ బృందాలకు ప్రతిష్ఠగా మారింది. లైవ్ ఆల్బమ్ మీద ఆ పేరు ఉంటే చాలు అమ్ముడుపోతుందన్న నమ్మకం కంపెనీలకు పడిపోయింది. నిజానికి అంత పెద్ద హాల్లో బేస్ గుండ్రంగా పోగుపడుతుంది. ఈ రికార్డింగులో అది అదుపులోనే ఉంది గానీ, చిక్ స్టూడియో ఆల్బములలోని పొడి, దగ్గరితనం ఆశించవద్దు.

రూఫస్, చాకా ఖాన్: న్యూయార్క్, 1982

కొత్తవారికి నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం సూటిగా చెబుతాను. ఇక్కడ బృందం బృందంగానే ఉంది. టోనీ మెయిడెన్ గిటారు, బాబీ వాట్సన్ బేస్, కెవిన్ మర్ఫీ, డేవిడ్ వొలిన్‌స్కీ కీబోర్డులు, జాన్ రాబిన్సన్ డ్రమ్స్. ఏళ్లుగా కలిసి వాయించిన చేతులు. రాబిన్సన్ పేరు తెలియకపోయినా అతని డ్రమ్స్ మీరు విన్నారు, మైకేల్ జాక్సన్ 'ఆఫ్ ద వాల్' ఆల్బమ్‌లో.

దీన్ని కలయిక అనడంలో కొంత సర్దుబాటు ఉంది. చాకా ఖాన్ 1978లోనే సొంతంగా పాడటం మొదలుపెట్టి పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత కూడా రూఫస్‌తో అప్పుడప్పుడూ ఆల్బములు చేసింది, ఆమె లేకుండా రూఫస్ కొన్ని చేసింది. పూర్తి విడాకులు కావు, వేరు కాపురాలు. 1982లో న్యూయార్క్ సవాయ్ థియేటర్‌లో అందరూ కలిసి చేసిన కచేరీలను మరుసటి ఏడు రెండు ఎల్పీల (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డుల) ఆల్బమ్‌గా తెచ్చారు. ఆ పేరు చూసి న్యూయార్క్ హార్లెమ్ ప్రాంతంలోని పాత నాట్యశాల సవాయ్ బాల్‌రూమ్ అనుకోకండి. అది 1958లోనే మూతపడింది.

ఇందులో చాకా ఖాన్ గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే. స్టూడియోలో ఆమె గొంతుకు హద్దులు గీసి పెడతారు. ఇక్కడ హద్దులు లేవు. 'టెల్ మి సంథింగ్ గుడ్' పాట స్టీవీ వండర్ రాసి ఇచ్చినది, 1974లో బృందానికి మొదటి పెద్ద విజయం. స్టూడియో పాటలో ఆమె కాస్త ఆటపట్టిస్తూ పాడితే ఇక్కడ వాదన పెట్టుకున్నట్టు పాడుతుంది. 'స్వీట్ థింగ్' లాంటి నెమ్మది పాటలో మెయిడెన్ గిటారు ఆమెకు ఎంత జాగ్రత్తగా దారి ఇస్తుందో వినండి. గాయనిని మోసే బృందం అంటే ఏమిటో అర్థమవుతుంది. చిక్‌లో గాయనులు వాద్యబృందంలో ఒక భాగం. ఇక్కడ వాద్యబృందమంతా ఒక గొంతు కోసం పనిచేస్తుంది. పాట వినేటప్పుడు మీ చెవి గాయకుల వైపు పోతుందా, తాళం వైపు పోతుందా అన్నదాన్ని బట్టి ఈ రెండింటిలో మీది ఏదో తేలిపోతుంది.

ఒక హెచ్చరిక. అసలు ఎల్పీలో మూడు వైపులే కచేరీ. నాలుగో వైపు స్టూడియోలో చేసిన కొత్త పాటలు. అందులోని ఒకటే ఈ ఆల్బమ్‌ను అమ్మింది: వొలిన్‌స్కీ రాసిన 'ఏంట్ నోబడీ'. గ్రామీ కూడా వచ్చింది. లైవ్ అనుకుని ఆ పాట కోసం కొంటే, అక్కడ చప్పట్లు ఉండవు. పాట అద్భుతం, ఫిర్యాదు లేదు. అయితే ఆ పాట ఒక్కటే కావాలనుకుంటే రెండు ఎల్పీలు కొనక్కర్లేదు.

ఎర్త్ విండ్ అండ్ ఫైర్: వెల్ఫారా, రియోనా

మారిస్ వైట్ నడిపిన ఈ బృందం 1984లో ఆగిపోయి, 1987లో మళ్లీ కలిసింది. టోక్యోలోని రొప్పోంగి ప్రాంతంలో వెల్ఫార్ అనే పెద్ద డిస్కోలో చేసిన కచేరీ 1995లో జపాన్‌లో వచ్చింది. అమెరికాలో ఇదే రికార్డింగు మరుసటి ఏడు 'గ్రేటెస్ట్ హిట్స్ లైవ్' పేరుతో వచ్చింది. రెండు పేర్లు చూసి రెండూ కొనేయకండి.

వాయింపులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెర్డీన్ వైట్ బేస్, ఫిలిప్ బెయిలీ పైస్థాయి గొంతు ఉన్నాయి. పాటల జాబితా చూస్తే తెలిసినవే అన్నీ. మరి ఎందుకు వదిలేయమంటున్నాను? డెబ్బైల బృందానికి డ్రమ్స్ వాయించిన ఫ్రెడ్ వైట్ లేడు, తాళం గిటారుకు మరో పేరైన అల్ మెకే లేడు, ఫీనిక్స్ హార్న్స్ అనే బాకాల దళం లేదు. ఆ దళంలో శాక్సఫోన్ వాయించిన డాన్ మైరిక్ 1993లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసు కాల్పుల్లో మరణించాడు. కొత్తవాళ్లు నిపుణులే. ప్రతి స్వరం దాని చోట పడుతుంది, కీబోర్డులు మెరుస్తుంటాయి, ఎక్కడా ఎవరూ తడబడరు. ఆ నునుపే నాకు అడ్డు. డెబ్బైల ఎర్త్ విండ్ అండ్ ఫైర్‌లో బాకాలు కాస్త ముందుకు తోసుకొచ్చేవి, డ్రమ్స్ కాస్త వెనక్కి లాగేవి, ఆ పెనుగులాటలోంచి ఊపు పుట్టేది. వెల్ఫార్‌లో పెనుగులాట లేదు.

బృందం ఆగిపోకముందు 1980లో బ్రెజిల్‌లో చేసిన కచేరీ 'లైవ్ ఇన్ రియో' పేరుతో 2002లో బయటికొచ్చింది. మళ్లీ కలిసిన బృందం అన్న షరతు మీకు ముఖ్యం కాకపోతే ఇదే తీసుకోండి. రికార్డింగు అంత శుభ్రంగా ఉండదు, జనం హోరు ఎక్కువ, అయినా బృందం ఒంటి మీద చెమట తెలుస్తుంది. ఇంకా వెనక్కి వెళ్లేవారికి 1975 నాటి 'గ్రాటిట్యూడ్' ఉంది. రెండు ఎల్పీలలో ఎక్కువ భాగం లైవ్, మిగిలినది స్టూడియో. అందులోని 'రీజన్స్'లో బెయిలీ గొంతూ మైరిక్ శాక్సఫోనూ ఒకదాన్నొకటి పలకరించుకునే తీరు వింటే వెల్ఫార్‌లో ఏం పోయిందో తెలిసిపోతుంది.

మిగతావి, క్లుప్తంగా

పార్లమెంట్ బృందం 'లైవ్: పి-ఫంక్ ఎర్త్ టూర్', 1977. విడిపోవడాలూ కలవడాలూ లేవు, బృందం మంచి ఊపులో ఉన్న రోజుల కచేరీ. వేదిక మీదికి అంతరిక్ష నౌక దిగేది, బృంద నాయకుడు జార్జ్ క్లింటన్ అందులోంచి బయటికొచ్చేవాడు. ఆల్బమ్‌లో నౌక కనిపించదు కాబట్టి సగం వినోదం ఊహించుకోవాల్సిందే. క్రమశిక్షణ ఆశించేవారు దూరంగా ఉండండి. చిక్‌కు ఇది పూర్తిగా వ్యతిరేక ధ్రువం, అందుకే రెండూ ఇంట్లో ఉంటే మంచిది.

బీ జీస్ 'వన్ నైట్ ఓన్లీ', 1997 నవంబరులో లాస్ వెగాస్ కచేరీ. డిస్కో పాటలున్నాయి, ముగ్గురు అన్నదమ్ముల గొంతులున్నాయి, ఫంక్ లేదు. రాగాల కోసం వినేవారికి మంచి ఆల్బమ్. నాట్యానికి కాదు.

ఎడ్వర్డ్స్ పోయాక కూడా రోడ్జర్స్ చిక్‌ను నడిపిస్తూనే ఉన్నాడు. 2004లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో చేసిన కచేరీ వీడియోగా దొరుకుతుంది. బేస్ జెర్రీ బార్న్స్. అతను ఎడ్వర్డ్స్ వరుసలను గౌరవంగా, శుభ్రంగా వాయిస్తాడు. రోడ్జర్స్ చేతులు దగ్గరగా చూడాలనుకునే గిటారు విద్యార్థులకు బుడోకాన్ కంటే ఇదే ఉపయోగం. విని ఆనందించడానికి మాత్రం నేను బుడోకాన్ వైపే. గొప్ప సంగీతకారులను గౌరవించే అమెరికా సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ చిక్‌ను 11 సార్లు నామినేట్ చేసి ఒక్కసారీ చేర్చుకోలేదు, 2017లో రోడ్జర్స్‌కు మాత్రం విడిగా ఒక అవార్డు ఇచ్చి ఊరుకుంది. ఆ సంస్థవారికి ఎవరైనా బుడోకాన్ సీడీ పంపాల్సింది.

కొనేముందు

చిక్ స్టూడియో పాటలు ఒక్కటీ వినకుండా బుడోకాన్‌తో మొదలుపెట్టడం నష్టం. ముందు 1979 నాటి 'రిస్కే' వినండి, కనీసం 1978 నాటి 'సె చిక్' వినండి. అవి న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోలో చేసినవి. వయొలిన్లు ఎక్కడ ఆగుతాయో, బేస్ ఎక్కడ ఒంటరిగా మిగులుతుందో చెవికి ఎక్కాలి. అప్పుడు బుడోకాన్‌లో ఏం పోయిందో, పోయినదాని చోట ఏం వచ్చిందో తెలుస్తుంది. రూఫస్ ఆల్బమ్‌కు ఈ సన్నాహం అక్కర్లేదు. నేరుగా పెట్టుకోవచ్చు.

స్ట్రీమింగులో వెతికేవారికి జాగ్రత్తలు ఉన్నాయి. పాత డిస్కో బృందాల పేర్లతో తర్వాతెప్పుడో మళ్లీ పాడించిన పాటల సంకలనాలు బోలెడు తిరుగుతున్నాయి. ఒక్క పాత సభ్యుడు ఉంటే చాలు, కొన్నిచోట్ల ఆ ఒక్కడూ ఉండడు. బయట చప్పట్లు చేర్చి లైవ్ అని అమ్మేవీ ఉంటాయి. హాలు పేరు, కచేరీ తేదీ, వాద్యకారుల పేర్లు మూడూ లేని లైవ్ ఆల్బమ్‌కు డబ్బు పెట్టవద్దు. అట్ట మీద గాయకుడి ఫొటో మాత్రమే ఉండి బేస్ వాద్యకారుడి పేరు ఎక్కడా లేకపోతే ఆ ఆల్బమ్ చేసినవారికి ఏది ముఖ్యమో వాళ్లే చెప్పేశారు.

కచేరీ తర్వాత స్టూడియోలో దిద్దుబాట్లు చేయడం ఈ పరిశ్రమలో మామూలు. దాన్ని పెద్ద నేరంగా చూడక్కర్లేదు. గాయకుడు ఊపిరి అందక వదిలేసిన పదాన్ని తర్వాత అతికించినంత మాత్రాన కచేరీ అబద్ధం కాదు. తాళం మొత్తం మార్చేస్తేనే అసలు చిక్కు, అది వింటే తెలిసిపోతుంది. జనం హోరు ఊగుతుంటే డ్రమ్స్ మాత్రం నాలుగు గోడల మధ్య ఉన్నట్టు పొడిగా వినిపిస్తే అనుమానించండి.

చివరిగా, ఫోను స్పీకర్‌లో ఈ ఆల్బములు వినవద్దు. నాలుగు తంతుల బేస్ గిటారులో అన్నిటికంటే కింది స్వరం దాదాపు 41 హెర్ట్జ్. ఫోను స్పీకర్ అంత లోతుకు దిగలేదు, పై పొరలు వినిపించి అడుగు మాయమవుతుంది. పెద్ద స్పీకర్లు లేకపోతే చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు చాలు. బేస్ పెంచే బటన్ ఉంటే ఆపేయండి. ఎడ్వర్డ్స్ వాద్యంలో స్వరం ఎంతసేపు మోగాలన్నది ఎంత ముఖ్యమో ఎక్కడ ఆపాలన్నదీ అంతే ముఖ్యం. ఆ బటన్ నొక్కితే ఆపిన చోట్లన్నీ మోతతో నిండిపోతాయి.